వెర్లిన్ బావ నడుముకు ఏముంది

మా వెర్లిన్ బావ గ్యాస్ లారీ నడిపేవాడు. డ్రై క్రీక్ చుట్టూ పొలాల్లో ఉన్న ఇళ్ళకు వెళ్ళి, పెరటి ట్యాంకుల్లో గ్యాస్ నింపి రావడం ఆయన పని. గొట్టం బిగించాక సబ్బునురగ రాసి చూసేవాడు, ముక్కు పెట్టి వాసన చూసేవాడు, లారీ ఎక్కాక మళ్ళీ దిగివచ్చి ఇంకోసారి చూసేవాడు. ఇంట్లో పొయ్యి కట్టేసినా ఇదే తంతు. ఆయన జాగ్రత్తతో మా అక్క ఒపల్ తల ప్రాణం తోకకొచ్చేది.

ఆదివారం ఆయన పని వేరు. మా చర్చి తలుపు దగ్గర నిలబడి, వచ్చిన ప్రతి మనిషినీ రెండు చేతులా గట్టిగా కౌగిలించుకోవడం. ఆ పని ఆయనకు ఎవరూ అప్పగించలేదు, మానమని ఎవరూ అనలేదు. టెక్సస్‌లో మేముండే మూలన మనిషిని తాకేది ఎక్కువగా గాలే. ఇర్మా జీన్ గారికి మరీను. ఎనభై దాటాయి, భర్త పోయాడు, పిల్లల్లేరు. “వారం మొత్తంలో నన్ను ముట్టుకునేది వెర్లిన్ ఒక్కడేనే లూయెల్లా” అని ఒకసారి నాతో అంది. నేను ఆ చర్చిలో పియానో వాయిస్తాను. నా పీట మీంచి తలుపు సూటిగా కనిపిస్తుంది కాబట్టి ఇదంతా నేను కళ్ళారా చూసిందే.

ఎక్కడో దూరాన ఒక చర్చిలో ఎవడో కాల్పులు జరిపాడని వార్త వచ్చింది. మా సంఘపెద్దలు కూర్చుని, కాఫీ తాగి, తలుపు దగ్గరుండే మనిషి నడుముకు ఇకనుంచి పిస్తోలు ఉండాలని తీర్మానించారు. తలుపు దగ్గరుండేది మా బావ. నక్కల్ని బెదరగొట్టే రైఫిలు తప్ప ఆయనకు ఇంకో తుపాకీ తెలియదు. కాదనడం అసలే తెలియదు.

నేర్పడానికి లమార్ దొరికాడు. పోలీసు ఉద్యోగం చేసి రిటైరైనవాడు, పక్క చర్చి మనిషి. వాళ్ళ బాప్తిస్మం మాకు చెల్లదు గానీ వాళ్ళ తుపాకీ పాఠం చెల్లుతుంది. బావకు తోడుగా నేనూ వెళ్ళాను.

“గుండ్లు నింపింది జేబులో వేసుకున్నావనుకో, తాళంచెవి పోయి ట్రిగ్గర్లో ఇరుక్కుంటుంది. ఊరికే నడుములో దోపుకున్నావనుకో, ఆ తర్వాత కూర్చోడానికి ఏం మిగుల్తుందో నేను చెప్పలేను” అన్నాడు లమార్. “గట్టి ఒర కొనుక్కో. ట్రిగ్గర్ మొత్తం మూసుకుపోవాలి. నలుగురి మధ్య దాని మీద చెయ్యి వెయ్యకు. తీసెయ్యాలనిపిస్తే నీ బండి దగ్గరికి పోయి, ఒరతో సహా తీసి, ఇనప్పెట్టెలో పెట్టి తాళం వెయ్యి. ఇంకో మాట. నీ దగ్గరుందని చీమక్కూడా తెలీకూడదు.”

“నన్ను ఊరంతా కౌగిలించుకుంటుంది లమార్.”

“మానెయ్యమను. మా చర్చిలో మేం తలూపుతాం, సరిపోతుంది.”

ఆ సాయంత్రం మా అక్క వంటింట్లో బావ కౌగిళ్ళ రిహార్సలు పెట్టాడు. గుండ్లు పడగ్గదిలో పెట్టి తాళం వేశాడు. ఖాళీ పిస్తోలును మళ్ళీ మళ్ళీ తెరిచి చూసుకున్నాడు. నాక్కూడా చూపించి ఖాళీయేనని ఒప్పించుకున్నాడు. అక్క మాత్రం, “ఆ బైబిలు సంచిలో పడేసుకోవయ్యా, గొడవ వదుల్తుంది” అంది.

“సంచి బెంచీ మీద పెడతాను. చర్చి నిండా పిల్లలు. కుదర్దు ఒపల్. లూయెల్లా, నువ్వు నడీన్‌లా రా.”

మా చర్చిలో అందరి సంగతీ పట్టించుకునే నడీన్‌లా చేతులు ఊపుకుంటూ వెళ్ళి వాటేసుకున్నాను.

“ఇప్పుడు ఇర్మా జీన్ గార్లా రా.” వంగి, మెల్లగా వెళ్ళాను. “తగిలిందా?”

“తలుపు గడియను కౌగిలించుకున్నట్టుంది బావా.”

అయినా మొదటి ఆదివారం కుడి నడుముకే కట్టుకుని, పైన కోటు వేసుకుని వచ్చాడు. అసలు నడీన్ రానే వచ్చింది. మా ఊళ్ళో ఎవరికి జబ్బు చేసినా నడీన్ ఒకరికి ఫోన్ చేస్తుంది, ఆ ఒకరు ఇంకొకరికి చేస్తారు, పొద్దుగూకేలోపు ఊరంతా ప్రార్థనలో ఉంటుంది. ఆవిడ చెయ్యి సరిగ్గా ఒర మీద పడింది.

“ఇదేంటి బ్రదర్, షుగర్‌కి నడుముకు కట్టుకునే మిషనా?” అంది జాలిగా.

చీమక్కూడా తెలియకూడదు కదా. బావ నీళ్ళు నమిలి, తల ఊపాడు. ఆ ఊపిన తల ఆయన కొంప ముంచింది. మరుసటి ఆదివారం చర్చి భోజనాల్లో ఆయన పళ్ళెంలోంచి, ఆయనకు ప్రాణమైన పీకన్ పై అనే మిఠాయి ముక్కను నడీన్ స్వయంగా తీసేసి, బదులు ఉడికించిన చిక్కుడుకాయలు పెట్టింది. ఆయన మొహం చూడలేకపోయాను.

నడుము దగ్గర ఏమీ తగలకపోతే పీకన్ పై తిరిగొస్తుందని ఆశపడి, పిస్తోలును చీలమండకు మార్చాడు. నిజంగా కౌగిలికి తగల్లేదు. కానీ ఆ బరువుకు కాలు ఈడ్చుకుంటూ నడవాల్సి వచ్చింది. “షుగర్ కాలికి దిగింది” అని నడీన్ ఫోన్ ఎత్తింది. పాస్టరుగారు ప్రసంగం ఆపి మరీ, వెర్లిన్ సోదరుడి కాలివేళ్ళు నిలబడాలని ప్రార్థించారు. బావ కూడా తల వంచి ఆమేన్ అన్నాడు.

ఆ తర్వాత పొట్టమీద, బెల్టు లోపలికి. ఇప్పుడు ఆయన నడుం వెనక్కి పెట్టి, చేతులు మాత్రం ముందుకు చాచి, గేదె మీంచి గడ్డి అందుకుంటున్నవాడిలా కౌగిలించుకునేవాడు. అందరూ సర్దుకున్నారు. ఇర్మా జీన్ గారు సర్దుకోలేదు. దగ్గరికి లాక్కుంది. పొట్టకు గట్టిగా ఏదో తగిలి, ఆవిడ మొహం పాలిపోయింది. వెనకే నిలబడ్డ నడీన్ గుసగుసలాడింది: “షుగర్ కిడ్నీలకు పాకింది.”

ఆ రోజు నాకు ఒళ్ళు మండింది. “చెప్పెయ్ బావా. నువ్వు చచ్చిపోతున్నావని జనం ఏడుస్తున్నారు.”

“పెద్దలకి మాటిచ్చాను లూయెల్లా. ఎవడైనా వస్తే ముందు ఎదురుపడేది తలుపు దగ్గరున్న వాళ్ళే. ఇర్మా జీన్ గారు పరిగెత్తగలదా?”

అప్పట్నుంచి బావ కౌగిళ్ళు ఆపేశాడు. భుజం తట్టడమే. ఇర్మా జీన్ గారు చేతులు చాచి నిలబడేది, ఆయన తట్టేవాడు, ఆవిడ చేతులు దించుకుని లోపలికొచ్చేది. పియానో మీంచి అది చూడటం నాకు కష్టంగా ఉండేది. ఒక ఆదివారం ఆవిడ రాలేదు. బావ, మొదటి పాట అయ్యేదాకా తలుపు మూయకుండా నిలబడ్డాడు.

తర్వాతి వారం వచ్చింది. చేతులు చాచలేదు.

“వెర్లిన్, నన్ను క్షమించు నాయనా. అమరిల్లో పట్నం పెద్దాసుపత్రికి పోయొచ్చాను. నాకు రెండున్నాయి కదా, ఒకటి నీకిద్దామని. ముసలిదానివి, పనికిరాదన్నారు. ఎంత బతిమాలినా వినలేదు.”

“నా కిడ్నీలు బాగానే ఉన్నాయండీ.”

“షుగరు?”

“లేదండీ.”

“మరి కాలు?”

“కాలూ బాగానే ఉంది.”

“అయితే నాకు తగిలిందేంటి?”

“పిస్తోలండీ.”

నా వేళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. నడీన్ నోరు తెరిచి, మొట్టమొదటిసారి ఏమీ అనకుండా మూసింది.

“పిస్తోలు కోసమా,” అంది ఇర్మా జీన్ గారు, “నేను ముందురోజు నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా బస్సెక్కి పోయింది? తియ్యి దాన్ని!”

“ఇక్కడ తియ్యకూడదండీ. బండిలో పెట్టెలో పెట్టాలి. అయినా నేను తీసేస్తే తలుపెవరు చూస్తారు?”

చివరి బెంచీలోంచి ఆర్విల్ లేచాడు. పశువుల డాక్టరు, మనుషులంటే పడదు. “లమార్ దగ్గరికి నేను పోతా. ఆ పని నాకిచ్చెయ్యండి. నన్నెవరూ కౌగిలించుకోరు.”

“అందుకు నేను సాక్షిని” అంది పక్కన కూర్చున్న వాళ్ళావిడ.

“విన్నావుగా, పో” అంది ఇర్మా జీన్ గారు. “నువ్వొచ్చేదాకా నేనిక్కడే నిలబడతా.”

పెద్దవాళ్ళకు దగ్గరి చోట్లు వదలాలని బావ తన బండి ఎప్పుడూ అన్నిటికన్నా దూరంగా ఆపుతాడు. పాస్టరుగారు పాట మొదలుపెట్టమని సైగ చేశారు. మొదటి చరణం వాయించాను. ఎవరూ పాడలేదు. మళ్ళీ అదే వాయించాను. తెరిచిన తలుపులోంచి దుమ్ము లోపలికి కొడుతోంది, ఆవిడ టోపీ పట్టుకుని నిలబడింది, మెట్ల మీద ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఎందుకో తెలియకుండానే వరసలో నిలబడ్డారు. బావ పెట్టెకు తాళం వేశాడు. సగం దూరం వచ్చి, ఆగి, వెనక్కి వెళ్ళి మూత లాగి చూశాడు. ఆ మనిషిని ఏమనాలి!

చివరికి వచ్చాడు. కోటు విప్పి చేతిలో పట్టుకున్నాడు, అందరికీ కనిపించాలని కాబోలు. ఆవిడ చేతులు చాచింది. ఆయన ఈసారి నడుం వెనక్కి పెట్టలేదు.

“చిక్కిపోయావురా” అంది ఆవిడ, ఆయన చొక్కాలో మొహం పెట్టుకుని.

మా బావ ఏడ్చాడు, సిగ్గుపడకుండా. ఇద్దరిలో ఎవరూ ముందు వదల్లేదు. నేను రెండో చరణం ఎత్తుకున్నాను.