లేని వీధిలో ఒక ఓటు

నా స్నేహితురాలి మీద నాకు కాలేజీ రోజుల నుంచీ కుళ్ళు. ఆ మాట దాచుకుని ఈ సంగతి చెప్పడం కుదరదు. కాకినాడలో ఒకే ఇంజనీరింగ్ కాలేజీలో, ఒకే హాస్టల్ గదిలో నాలుగేళ్ళున్నాం. తనది ఉప్పాడ, వేటకెళ్ళే కుటుంబం. మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు, రెండెకరాల వరి. తనకి మంచి ర్యాంకు వచ్చింది, ఫీజు ప్రభుత్వమే కట్టింది. నా ర్యాంకు చెప్పుకునేది కాదు. బ్యాంకులో నా పేరున చదువు లోను తీసుకుని, నాన్నగారు హామీ సంతకం పెట్టి, మేనేజ్‌మెంట్ సీటులో చేర్పించారు.

రెండో ఏడు పరీక్షల ముందు వాళ్ళ ఇల్లున్న వీధి మొత్తం సముద్రంలోకి పోయింది. తను నాలుగు రోజులు ఊరెళ్ళి, తిరిగొచ్చి, అన్ని పేపర్లూ పాసైంది. ఇల్లు భద్రంగా ఉన్న నాకు ఒక సబ్జెక్టు పోయింది. అప్పుడు కూడా నాకు జాలి కంటే ముందు కుళ్ళే వచ్చింది.

చదువయ్యాక ఇద్దరికీ కాకినాడలోనే ఒకే ఆఫీసులో, పక్కపక్క కుర్చీల్లో ఉద్యోగాలు. జీతం పడిన మెసేజ్ ఇద్దరి ఫోన్లలో ఒకేసారి మోగేది. మర్నాడు నా ఫోన్ ఒక్కటే మళ్ళీ మోగేది, లోను వాయిదా పట్టుకున్నామని. తను స్కూటీ కొంది. వాళ్ళమ్మకి చెవులకి బుట్టలు చేయించింది. ఆఫీసులో అందరూ ఆ ఫొటో చూసి మురిసిపోతుంటే నేనూ బాగున్నాయే అన్నాను గానీ, కళ్ళల్లో నిప్పులే పోసుకున్నాను.

ఎన్నికలు ఇంకా కొన్ని నెలలున్నాయనగా, ఒక మధ్యాహ్నం అన్నాలు తింటున్నాం. మా సెక్షన్‌లో ఒకావిడ ఫోన్లో చూసి ఒక ప్రశ్న చదివింది. చదువు అప్పంతా కొట్టేస్తాం, బదులుగా జన్మలో ఓటు వెయ్యకూడదు, ఒప్పుకుంటారా అని ఎక్కడో అడిగారట. ఆవిడ చదవడం పూర్తికాకముందే, కాగితం తెమ్మనండి, ఇప్పుడే సంతకం పెడతానన్నాను. అందరూ నవ్వారు. తను నవ్వలేదు.

"నేనైతే నా ఓటు ఇవ్వనే," అంది.

అప్పు లేనివాళ్ళు ఎన్ని నీతులైనా చెబుతారని దెప్పాను. కోపం తెచ్చుకోకుండా తను అసలు సంగతి చెప్పింది. వాళ్ళ వీధివాళ్ళంతా ఊళ్ళోనే తలో మూలా అద్దెకుంటున్నారు. పోలింగ్ బూత్ అదే కాబట్టి ఎవరూ అడ్రసు మార్పించుకోలేదు. ఓటర్ల జాబితాలో మాత్రం ఆ వీధి ఇంకా ఉంది, డోరు నంబర్ల వరసన, ఎవరి పక్కన ఎవరుండేవారో అలాగే. కరెంటు బిల్లు, ఇంటి పన్ను ఎప్పుడో ఆగిపోయాయి. అక్కడొక ఇల్లుండేదని చెప్పే కాగితం అదొక్కటే మిగిలింది. పోలింగ్ రోజు ఆ వీధి ఆడవాళ్ళు ఆ వరసలోనే లైనులో నిలబడతారట.

అది విని నాకు కళ్ళు చెమర్చాలి. చెమర్చలేదు. నేను అమ్మకానికి పెట్టిన ఓటు కూడా తన దగ్గర నగలా ఉందేమిటని కడుపు మండింది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. ఆ కూర మా ఇంట్లోనూ ఉంది, అయినా తను తింటుంటేనే నాకు నోరూరింది.

ఆ వారంలోనే ఒకరోజు తను క్యారేజీ కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు బల్ల మీద తన ఫోన్ మోగింది. ఒకరి ఫోన్ ఒకరం ఎత్తడం మాకు అలవాటే. ఓటర్ల జాబితా సరిచూస్తున్న ఉద్యోగిని చేసింది. నేను తన స్నేహితురాలినని చెప్పాను. మీ స్నేహితురాలు ఈ డోరు నంబరులోనే ఉంటున్నారా అండీ అని అడిగింది. అవునంటే అయిపోయేది. కాసేపాగి చెయ్యమన్నా అయిపోయేది.

"ఆ ఇల్లే లేదండి. సముద్రంలో కలిసిపోయింది. తనిప్పుడు కాకినాడలో ఉంటుందండి," అన్నాను.

అబద్ధమేమీ ఆడలేదు. ఫోన్ పెట్టేశాక ప్రాణం హాయిగా ఉంది. తను రాగానే, లోను కావాలా అని ఎవరో చేశారని చెప్పాను. తర్వాత పేరు తీసేస్తామని నోటీసు పంపే ఉంటారు. ఆ డోరు నంబరుకి పంపిన నోటీసు ఏ పోస్టుమాన్ మాత్రం అందించగలడు?

పోలింగ్ రోజు పొద్దున్నే నాన్నగారు ఫోన్ చేసి, వచ్చి ఓటేసి వెళ్ళమన్నారు. బస్సులు రద్దీగా ఉంటాయని తప్పించుకున్నాను. తను పిలిస్తే మాత్రం స్కూటీ వెనకెక్కి ఉప్పాడ వెళ్ళాను. నేను చేసింది ఫలించిందో లేదో చూడాలని ఉంది. ఫలించకూడదనీ ఉంది.

బడి ఆవరణలో లైను నిజంగానే తను చెప్పినట్టుంది. ఆలస్యంగా వచ్చిన ముసలావిడని, నీ ఇల్లిక్కడ అంటూ మధ్యలోకి లాక్కున్నారు. ఇద్దరు ఇరుగుపొరుగు అమ్మలు ఏనాటిదో కుళాయి తగువు మళ్ళీ ఎత్తారు. వాళ్ళమ్మ కొత్త బుట్టలు పెట్టుకుని, వెనకాల కూతురికి చోటు ఉంచి నిలబడింది. ఓటరు చీటీలు తేవడానికి తనూ నేనూ గేటు బయట పందిరి దగ్గరికెళ్ళాం. అక్కడ జాబితా పెట్టుకుని కూర్చున్నాయన ఒక చీటీ రాసి, పేజీ ముందుకీ వెనక్కీ తిప్పాడు. మీ అమ్మగారిది ఉందండి, మీరు ఊళ్ళో లేరని మీ పేరు తీసేశారు అన్నాడు. తను ఆ పేజీలో ఇంటి నంబరు మీద వేలు పెట్టి కాసేపు చూసి, చీటీ తీసుకుంది.

విషయం చెబితే వాళ్ళమ్మ కూతురి చేతిలోంచి తన చీటీ అందుకుంది.

"ఎవరో ఉన్నమాటే చెప్పుంటారులేమ్మా. ఇల్లు లేదుగా మరి," అంది.

నా వైపు చూసి అనలేదు. తను లైనులోంచి పక్కకి జరిగింది. వాళ్ళమ్మ ముందుకి నడిచింది. వెనకావిడ మాత్రం ఒక మనిషి పట్టే చోటు వదిలే నడిచింది. గది గుమ్మం దాకా ఆ ఖాళీ అలాగే సాగింది.

"ఇంకా టైముంది. నువ్వైనా వెళ్ళి ఓటేసిరావే," అంది తను. తనే నన్ను కాకినాడ బస్టాండు దాకా దింపింది. మా ఊరి బడిలో జాబితాలో నాన్నగారి పేరు కిందే నా పేరుంది, మా ఇంటి నంబరుతో. వేలికి సిరా పెట్టారు.

మర్నాడు ఆఫీసులో ఆ సిరా నాకుంది, తనకి లేదు. తనకి లేనిది నాకొక్కటైనా ఉండాలని కాలేజీ నుంచీ కోరుకున్నాను. గోరు పెరిగి ఆ మచ్చ పోయేదాకా ఎడమచెయ్యి బల్ల కింద దాచుకుని, ఒంటిచేత్తో టైపు చేశాను.