జములమ్మ వేళ్లకు బిగిసిన పట్టీ

తిమ్మాజిపేట దగ్గర ఆ ఊళ్లో ఎవరు పోయినా మొదటి కబురు మాసయ్యకే పోయేది. చుట్టాలకు ఫోన్లు ఆ తర్వాత. ఆయన వచ్చి వాకిట్లో గొంతుకూర్చుని, తెచ్చిన వెదురును అరచేత్తో తడిమి చూస్తేగానీ ఆ ఇంట్లో చావు ఒక పద్ధతికి వచ్చేది కాదు.

పాడె కట్టడం ఆయన కులంపని కాదు. రెండెకరాల మెట్ట, ఒక జత ఎద్దులు, జొన్నా కందీ వేసుకునే రైతు. కానీ చొప్ప కట్ట కట్టినా, మంచానికి నులక అల్లినా, ఆయన చెయ్యి పడ్డ కట్టు వదులయ్యేది కాదు. అందుకే తండ్రి తర్వాత ఆ పని కూడా ఆయన చేతికే వచ్చింది. జనుము తాడును నీళ్లలో తడిపి, తొడ మీద పేని, వెదురుకు చుట్టి ఒక ముడి వేసేవాడు. శవం బరువు పడేకొద్దీ అది బిగుసుకునేది. శ్మశానంలో కొస పట్టి గుంజితే మాత్రం ఒక్క గుంజుకు విడిపోయేది.

విడిపోవడమే ముఖ్యం. మనిషి పోగానే కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి, చేతుల బొటనవేళ్లు రెండూ కలిపి కడతారు. గుంతలోకి దించేముందు ఆ కట్లు విప్పాలి, పాడె కట్లూ విప్పి కర్రలు విడదీయాలి. కట్టుతోనే మట్టి కప్పితే ఆ ప్రాణం ఎక్కడికీ పోలేక అక్కడే పడి ఉంటుందని ఆ ఊరివాళ్ల నమ్మకం. ముప్పై ఏళ్లలో మాసయ్య కట్టిన పాడెలు వందకు తక్కువుండవు. ఒక్కరినీ కట్టుతో పంపలేదు.

శవాలను అంతగా ముట్టిన మనిషికి శవమంటే రోత లేదు. బతికినవాళ్లంటేనే రోత. హోటల్లో గ్లాసు అంచు మీద మరక కనిపిస్తే చాయ్ వదిలేసి లేచేవాడు. పెళ్లిలో ఒకరు కూర గరిటెను అన్నంలో పెడితే ఇక ఆ బంతిలో తినేవాడు కాదు. ఆయన భార్య జములమ్మ దీనికి నవ్వేది. పీనుగను ఎత్తుకునేటోనికి గరిటె కాడ ఏం మడి అని నలుగురిలో ఎత్తిపొడిచేది. ఆయన చెంబు ఇంకోసారి తోముకునేవాడు.

పక్కింటి రంజిత్ పట్టీలు బిగించే బ్యాటరీ గన్ తెచ్చినప్పుడు కూడా ఆయనకు ముందుగా కలిగింది రోతే.

రంజిత్‌కు ముప్పై ఏళ్లుంటాయి. నాగర్‌కర్నూల్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర వైరింగ్ పని చేస్తాడు. సోలార్ పలకల కింద, కోళ్ల ఫారాల్లో, మోటారు షెడ్లలో గుత్తులు గుత్తులుగా పోయే వైర్లను కట్టకట్టడానికి ఆ గన్ ఇచ్చారు. చూడటానికి గోడకు రంధ్రాలు వేసే మిషన్‌లాగే ఉంటుంది. నల్లటి ప్లాస్టిక్ పట్టీని చేత్తో చుట్టి, కొసను దాని నోట్లో పెట్టి మీట నొక్కితే చాలు. జుర్రుమని లాక్కుని, బిగించి, మిగిలిన తోకను టక్కుమని తెంపి కింద పడేస్తుంది. ఎంత బిగించాలో చెప్పడానికి పక్కన చిన్న చక్రం ఉంటుంది. సన్న వైర్లకు ఒక నంబరు, లావు కేబుళ్లకు ఒక నంబరు.

ఊళ్లో అందరికీ అది ఆటబొమ్మ అయింది. కోళ్ల గంపలకు, టెంటు లైట్లకు, పందిట్లో సొరతీగకు, దేనికైనా రంజిత్‌నే పిలిచేవాళ్లు. పిలవకపోయినా వచ్చేవాడు. మనిషి మంచివాడే, ఒకరికి సాయం చేద్దామనే ఉబలాటం ఎక్కువ. వాడు పోయిన చోటల్లా ఆ నల్ల తోకలు రాలిపడేవి. తీసిన గోళ్లను అలాగే వాకిట్లో వదిలేసినట్టు అనిపించేది మాసయ్యకు. ఎద్దుల గడ్డిలో రెండు దొరికిన రోజు మేతంతా విదిలించి మళ్లీ వేశాడు.

"మామా, ఇగ నీ తాడుకు పని లేదు. నేను టక్కుమనిపిస్తె యాభై ఏండ్లు ఊడదు," అన్నాడు రంజిత్ ఒకనాడు అరుగు మీద కూర్చుని.

"ఊడనిది కట్టెట్లయితదిరా," అన్నాడు మాసయ్య.

జములమ్మకు కిడ్నీలు పాడై ఏడాది నాగర్‌కర్నూల్ దవాఖాన చుట్టూ తిరిగారు. చివరి నెలలో కాళ్లు ఉబ్బి, వేలితో నొక్కితే నొక్కిన చోటే గుంట నిలిచిపోయేది. మాసయ్య రోజూ ఆ కాళ్లు గోరువెచ్చటి నీళ్లతో కడిగి, వేళ్ల సందులు మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. వేళ్ల సందుల్లో నీరు కారినా ఆయనకు రోత పుట్టలేదు. ఒక మంగళవారం పొద్దున, చాయ్ వద్దని తల పక్కకు తిప్పుకుని, ఆమె మళ్లీ తల ఇటు తిప్పలేదు.

అచ్చంపేటకిచ్చిన కూతురు ఉమ పదింటికల్లా వచ్చింది. తన పాత చీర అంచు చించి తల్లి కాళ్ల వేళ్లకు, చేతి వేళ్లకు తనే కట్టింది. వాకిట్లోకి వెదురు వచ్చింది. మాసయ్య అలవాటు కొద్దీ లేచి తాడు అందుకోబోయాడు. ఊరిపెద్ద కురుమూర్తి వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. చావు జరిగిన ఇంటివాడు పాడె కట్టకూడదు. ఆ మాట ఎన్ని ఇళ్లలో ఎంతమందికి మాసయ్యే చెప్పి కూర్చోబెట్టాడో. ఇప్పుడు తను కూర్చోవలసి వచ్చింది. ఊరందరి పాడెలూ కట్టిన చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని, గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

కట్టడం ఇంకెవరికీ రాదు. ఆయన ఉన్నాడు కదా అని ఎవరూ నేర్చుకోలేదు. నలుగురు కలిసి దుకాణంలో తెచ్చిన నైలాన్ తాడు చుట్టారు. అది జారింది. ఎత్తి చూస్తే నడుమ వెదురు ఊడి కింద పడింది. మళ్లీ కట్టారు, మళ్లీ జారింది. మధ్యాహ్నం దాటింది, ఎండ దంచుతోంది, ఇంకా ఉంచితే బాగుండదని ఆడవాళ్లు తొందరపెట్టారు. అప్పుడే రంజిత్ బండి ఆగింది. కోళ్ల ఫారంలో పని మధ్యలో కబురు అంది, గన్ సంచితోనే వచ్చేశాడు. పరిస్థితి చూసి, నేనున్న గదా అన్నాడు. కురుమూర్తి కూడా సరేనన్నాడు.

చుట్టాలు మాసయ్యను పెరట్లోకి స్నానానికి తీసుకుపోయారు. నెత్తి మీద నీళ్లు పడుతుంటే వాకిట్లోంచి ఆ చప్పుడు వినపడుతూనే ఉంది. జుర్రు, టక్. జుర్రు, టక్. ఒక్కో చప్పుడుకు ఆయన పళ్లు గిట్టకరుచుకున్నాయి. పాడె కర్రలే కదా, పోనీ అని సర్ది చెప్పుకున్నాడు. కాసేపు ఆగి, మళ్లీ రెండుసార్లు వినపడింది. ఆ రెండూ ఎందుకో ఆయనకు తట్టలేదు.

శ్మశానానికి సగం దారిలో పాడె దింపి, పోయిన మనిషి చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలుస్తారు. పిలవాల్సింది మాసయ్యే. వంగి, జమ్మీ అని ఇంట్లో పిలిచే పేరే పిలిచాడు. మూడోసారి పిలిచి లేస్తుంటే కోడిపెంట వాసన కొట్టింది. ఎక్కడిదా అని చూశాడు. పసుపు పూసిన చేతుల మీద, బొటనవేలి పక్కన, బూడిద రంగు పెంట ఎండి అంటుకుని ఉంది. ఫారంలో గన్ పిడికి అంటినది రాసుకుపోయింది. దాని కింద నల్ల పట్టీ. గుడ్డ కొంచెం జరిపి కాళ్లు చూశాడు. అక్కడా అదే. స్నానం చేయించినప్పుడు తడిసిన చీర అంచు తీసేశారు. మళ్లీ కట్టడానికి ఉమ కొత్త గుడ్డ వెతికేలోపు, నువ్వు ఆగక్కా అంటూ రంజిత్ కట్టేశాడు. పొద్దున లావు కేబుళ్లకు తిప్పిన చక్రం తిప్పినట్టే ఉంది, వెనక్కి తిప్పలేదు. ఉబ్బిన వేళ్లలోకి పట్టీ దిగిపోయింది. దానికి అటూ ఇటూ మాంసం పొంగి, వేలి కొసలు నల్లగా కమిలి ఉన్నాయి.

మాసయ్యకు రోత పుట్టింది. ఇన్నేళ్లలో ఏ శవం దగ్గరా పుట్టనిది. పక్కకు తిరిగి ఉమ్మి, తలపాగా కొసతో నోరు తుడుచుకున్నాడు. పాడె లేపారు.

గుంత దగ్గర దించాక కట్లు విప్పమన్నారు. విప్పడానికి ముడి లేదు, పట్టుకోవడానికి కొస లేదు. కొసను గన్ మొదట్లోనే తెంపేసింది. ఒకడు కొడవలి తెచ్చాడు. మొన కిందికి దూరే సందు లేదు, దూరిస్తే వేలు తెగుతుంది. కట్టర్ ఫారంలోనే మరిచిపోయానన్నాడు రంజిత్, వాడి మొహంలో రక్తం లేదు. పోయి తేవడానికి గంటన్నర. ఇంతలో వాడికి ఒక ఉపాయం తోచింది.

"లైటర్ తోని జర కాలిస్తె కరిగి ఊడొస్తది మామా."

"నీ చెయ్యి దూరం పెట్టు," అన్నాడు మాసయ్య.

కురుమూర్తి దగ్గరికి వచ్చి నెమ్మదిగా చెప్పాడు. "మాసన్నా, మట్టిల పెట్టినంక అది ఉంటేంది, లేకుంటేంది. ఇడ్సిపెట్టు. పొద్దు వాలుతుంది."

"తాడైతె మట్టి తింటది. చీరె పీలికైనా తింటది. దీన్ని ఏది తింటది? రేపు బొక్కలు ఊడినా ఇది ఊడదు. నా పెండ్లాము గట్లనే పడుండాల్నా?"

కొందరు గడియారం చూసుకున్నారు. ఒకరిద్దరు చెట్టు నీడకు జరిగారు. ఇంటికి పోయి స్నానం చేయాలన్న తొందర అందరి ముఖాల్లోనూ ఉంది. ఉమ మాత్రం తల్లి తల దగ్గరనుంచి కదల్లేదు.

మాసయ్య పాదాల దగ్గర గొంతుకూర్చున్నాడు. కుండలో నీళ్లు దోసిట్లో తీసి, ముందు ఆ కోడిపెంట కడిగాడు. తర్వాత ముఖం బాగా దగ్గరికి వంచి పట్టీని చూశాడు. కట్టు ఎంత కొత్తదైనా అది ఎక్కడ పట్టుకుందో చూడటం ఆయనకు చేతనవును. తల దగ్గర చిన్న గూడు ఉంది. గూడులో చీమ నాలుకంత నాలుక ఉంది. పట్టీ మీద రంపపు పళ్లలాంటి గీతలున్నాయి, నాలుక ఒక గీతలో దిగి కూర్చుంది. అది లేస్తే పట్టీ జారుతుంది. ఆయన లేచిపోయి, గట్టున ఉన్న తుమ్మ కొమ్మనుంచి పొడుగాటి తెల్ల ముల్లు విరిచి తెచ్చాడు.

మొదటి ముల్లు విరిగిపోయింది. రెండోదీ విరిగింది. మూడో దాన్ని రాతి మీద సన్నగా రాసి, గూట్లోకి దూర్చి, నాలుకను వెనక్కి నొక్కిపట్టి, ఇంకో చేత్తో పట్టీని వేలికి ఒత్తకుండా కొంచెం కొంచెం లాగాడు. ఒక గీత జారింది. చెమట కళ్లలోకి కారుతోంది. ఉమ కొంగుతో తుడవబోతే వద్దన్నాడు, చెయ్యి కదులుతుందని. ఇంకో గీత. పట్టీ చర్మంలోంచి పైకి వచ్చేటప్పుడు చిన్న తడి చప్పుడైంది. ఆ చప్పుడుకు కురుమూర్తి ముఖం తిప్పుకున్నాడు. మాసయ్య తిప్పుకోలేదు. రోతంతా ఆయన వేళ్ల కొసల్లోకే దిగినట్టుంది, అయినా ముల్లును వదల్లేదు.

కాళ్ల పట్టీ ఊడింది. కమిలిన గాడి అలాగే ఉండిపోయింది కానీ పాదాలు రెండూ చెరోపక్కకు వాలాయి. ఇంట్లో పడుకున్నప్పుడు ఆమె పాదాలు అలాగే వాలేవి. ఆయన వాటి మీద చెయ్యి వేసి కొంతసేపు కూర్చున్నాడు. తర్వాత చేతుల వైపు జరిగాడు. అది ఇంకా ఆలస్యమైంది. నీడలు పొడుగయ్యాయి, చెట్టు కిందివాళ్లు దగ్గరికి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఇక ఎవరూ తొందరపెట్టలేదు.

రెండో పట్టీ కూడా ఊడాక, రెండింటినీ అరచేతిలో పెట్టుకుని రంజిత్ వైపు చాపాడు.

"ఇవి నీయి. తీస్కపో."

రంజిత్ వెనక్కి తగ్గాడు. శవం మీదనుంచి తీసిన దేన్నీ ఎవరూ ఇంటికి తీసుకుపోరు. ఆ తుప్పల్ల పారేస్తే అయిపాయె గదా అన్నాడు కురుమూర్తి. ఈడ మా అమ్మ పండుకున్నది, మా నాయన ఉన్నడు, ఈడ పారెయ్యద్దు అన్నాడు మాసయ్య. చెయ్యి అలాగే చాపి ఉంచాడు. చివరికి రంజిత్ రెండు వేళ్ల కొసలతో అందుకుని ప్యాంటు జేబులో వేసుకున్నాడు. ఆ చేతిని ఒంటికి తగలనీయకుండా దూరంగా పట్టుకున్నాడు.

జములమ్మను దించారు. పాడెను విడదీయబోతే దాని పట్టీలూ రాలేదు. గొడ్డలితో వెదురును నరకవలసి వచ్చింది. నరికిన కొద్దీ నల్ల ఉంగరాలు ఊడి చుట్టూ మట్టిలో పడ్డాయి. మాసయ్య గుంత అంచున నిలబడి ఉన్నాడు. మొదటి పిడికెడు మట్టి ఆయనే వేయాలి, ఆయన వేస్తేనే మిగతావాళ్లు పార ఎత్తాలి.

"అవి గూడ ఏరు," అన్నాడు.

రంజిత్ వంగి ఏరడం మొదలుపెట్టాడు. సాయం చేయడానికి ఎవరూ వంగలేదు. ఒక్కొక్కటే ఏరి, మట్టి దులిపి, జేబులో వేసుకున్నాడు. వాడి ముక్కు ఎర్రబడింది, కళ్లనుంచి కారుతున్నది ఆ చేతులతో తుడుచుకోవడానికి భయపడ్డాడు. పన్నెండో పదమూడో అయ్యాక లేచి నిలబడి, అయిపాయె మామా అన్నాడు.

మాసయ్య చుట్టూ చూశాడు.

"నీ చెప్పు కింద ఇంకోటుంది," అన్నాడు.

రంజిత్ కాలు తీసి దాన్ని కూడా ఏరుకున్నాడు. అప్పుడు మాసయ్య కుండలో మిగిలిన నీళ్లతో చేతులు కడుక్కుని, వంగి, పిడికెడు మట్టి తీసుకున్నాడు.