మేడం మాటకు నా తెలుగు

నాకు సీటు వచ్చినప్పుడు వాడకట్టంతా మిఠాయిలు పంచిన మా బాపు, రెండో సెమిస్టర్ చివర్లో బోధన్‌లో బస్సెక్కి హైదరాబాద్ రావాల్సి వచ్చింది. నా హాజరు తక్కువైందని, తండ్రిని వెంటబెట్టుకుని రాకపోతే హాల్ టికెట్ ఇచ్చేది లేదని యూనివర్సిటీలో తేల్చి చెప్పారు. అది చేతికి రాకపోతే ఏడాది పోయినట్టే.

తక్కువ కావడమేమిటి, నేను అసలు క్లాసులకే వెళ్లడం లేదు. నా చదువంతా తెలుగు మీడియం. మొదటి సెమిస్టర్ చివర్లో ఒకరోజు, క్లాసులో మా మేడం ఏదో అడిగితే లేచి నిలబడ్డాను. తెలిసిన జవాబే, కానీ ఇంగ్లీషులో నోరు పెగలలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మర్నాడు తలనొప్పి అని మానేశాను. ఆ మర్నాడు, నిన్న రానందుకు ముఖం చెల్లక మానేశాను. ఇక అదే అలవాటైంది. పొద్దంతా లైబ్రరీలో కునుకు తీసేదాన్ని. సాయంత్రం బాపు ఫోన్ చేసి "ఇయ్యాల ఏం జెప్పిండ్రు బిడ్డా?" అంటే నోటికొచ్చిన పాఠం అల్లేదాన్ని. ఆయన శ్రద్ధగా ఊఁ కొట్టేవాడు. పసుపు ఉడకబెట్టే రోజుల్లో మనుషులు దొరకడం లేదని తెలిసి, సాయానికి వస్తానన్నాను. నిజానికి పారిపోదామని. "గా పని నేను, మీ అవ్వ జూసుకుంటం. నువ్వు ఒక్క క్లాసు గూడ తప్పొద్దు" అన్నాడు. మావైపు అవ్వంటే అమ్మ.

మేడం గదిలో బాపు కుర్చీ అంచున కూర్చున్నాడు. మేడం ఇంగ్లీషులో మొదలుపెట్టింది. మీ అమ్మాయి ఈ సెమిస్టర్‌లో క్లాసు మొహమే చూడలేదు, ఎక్కడ తిరుగుతోందో మాకు తెలియదు, మీకైనా తెలుసా అని.

బాపు నా వైపు తిరిగాడు. "ఏమంటున్నరు?"

"మంచిగనే సదువుతున్ననంటున్నరు బాపు. హాజరు జరంత తక్కువున్నదట. నీ సంతకమైతె సాలట."

జవాబుకు పెగలని నోరు అబద్ధానికి బాగానే పెగిలింది. బాపు ముఖం విప్పారింది. నవ్వుతూ మేడంకు రెండు చేతులూ జోడించాడు.

ఆ నవ్వు చూసి మేడంకు అనుమానం వచ్చింది. ఏ ఊరని హిందీలో అడిగింది. బోధన్ అనగానే మరాఠీలోకి దిగింది. ఆమెది సరిహద్దు అవతలి ఊరట. మావైపు సంతల్లో తిరిగే మనిషికి మరాఠీ రాకుండా ఎలా ఉంటుంది? బాపుకు తెలుగంత బాగా వచ్చు. నాకు మాట్లాడటం రాకపోయినా అర్థమవుతుంది. ఇంగ్లీషులో చెప్పిందంతా ఆమె మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

నాకు తల కొట్టేసినట్టయింది. బాపు అక్కడే ఒక దెబ్బ వేసినా బాగుండుననుకున్నాను. ఆయన నా వైపు చూడనైనా చూడలేదు. భుజం మీది తువ్వాల సర్దుకుని, "చూక్ మాఝీ ఆహే, మేడం" అన్నాడు. తప్పు తనదేనన్నాడు. పసుపు పనికి మనుషులు దొరక్క తనే బిడ్డను ఇంటిదగ్గర ఆపేశానని, చదువు విలువ తెలియని మొద్దునని చెప్పుకున్నాడు.

మేడం ఆయనను చాలాసేపు దులిపేసింది. ఆడపిల్ల చదువు చేతులారా పాడుచేస్తారా అంది. నాకు పడాల్సిన తిట్లన్నీ ఆయన తలవంచుకుని తిన్నాడు. నేను పక్కనే ఉండి నోరు మెదపలేదు. హాల్ టికెట్ దక్కితే చాలని అప్పుడు కూడా అనుకుంటూనే ఉన్నాను. అబద్ధం కంటే దానికే నాకు ఇప్పటికీ ఎక్కువ సిగ్గు.

చివరికి మేడం హాల్ టికెట్ ఇవ్వమని సంతకం పెట్టింది.

బస్టాప్‌లో నిలబడి బాపు జేబులోంచి ఫోన్ తీశాడు. "మీ అవ్వకు ఏమని జెప్పాలె? ఇంగ్లీషును తెలుగు జేసుడు నీకు మంచిగొస్తది గద, నువ్వే జెప్పు" అని, కలిపి నా చేతిలో పెట్టాడు.

"మేడం ఏమన్నది బిడ్డా?" అంది అవ్వ.

బాపు పక్కనే నిలబడి వింటున్నాడు. మేడం అన్నది అన్నట్టే చెప్పాను. ఆ పైన, అవ్వ అడగకపోయినా, "బాపుతోని అబద్ధమాడిపిచ్చిన అవ్వా" అన్నాను.