మీటరుకి వరసలు లేవు

ఆ రోజుల్లో మా వైపు ఎవరినీ పేరు పెట్టి పిలిచేవాళ్ళం కాదు. ఎదురైన మనిషికి ముందు ఒక వరస తగిలించి, ఆ తరవాతే మాట మొదలుపెట్టేవాళ్ళం. బాబాయిగారు, వదినగారు, పెద్దయ్యగారు. గొప్ప మర్యాదే గాని, దానివల్ల ఒక నూనె మిల్లు ఏళ్ళ తరబడి కుంటుతూ నడిచిందని, ఆ కుంటుడుకి కారణం నేనేనని చెప్తే మీరు నమ్మకపోవచ్చు. (నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే మనవరాలు రాస్తోంది. అసలు సంగతి రాకుండానే నవ్వుతోంది.)

తొంభైల చివర్లో, మా ఆయన పోయిన ఏడాదికి, అమలాపురం దగ్గర కొబ్బరి నూనె మిల్లులో గేటు పనికి కుదిరాను. రైతులు రిక్షాల్లో తెచ్చే కొబ్బరి బాగా ఎండిందో లేదో చెప్పడం నా పని. బస్తాలోంచి ఓ ముక్క తీసి, చెవి దగ్గర పెట్టుకుని విరిచేదాన్ని. ఎండితే టక్కుమంటుంది, పచ్చి మిగిలితే మూలిగినట్టు వంగుతుంది. నా చెవిలో ఏ లోపమూ లేదు, తప్పంతా నోటిది. ముక్క మూలిగినా సరే, తెచ్చినాయన "ఏమ్మా కోడలా, బాగుందా?" అంటే "ఆయ్, బాగుందండి బాబాయిగారూ" అనేసేదాన్ని. ఎండలో అల్లవరం నుంచి వచ్చిన మనిషిని వెనక్కి ఎలా పంపుతాం? ఆ పచ్చి కొబ్బరి యంత్రానికి అంటుకుని, యంత్రం ఆగి, నూనె మడ్డిగా దిగేది. కొన్నవాళ్ళు డబ్బాలు తిప్పి పంపేవారు. మేస్త్రీ యంత్రాన్ని తిట్టేవాడు. గేటు దగ్గర నేను, పాపం యంత్రం, అనుకునేదాన్ని.

చివరికి యజమానిగారు మిల్లుని బాగుచెయ్యమని విశాఖ నుంచి ఒక ఇంజనీరుగారిని తెప్పించారు. ఆయన చేతిలో ఎప్పుడూ తడి కొలిచే మీటరు ఉండేది కాబట్టి మాకు మీటరుబాబు అయ్యారు. వారం రోజులు యంత్రం పక్కనే కూర్చుని, ఆగినప్పుడల్లా ఎవరి బస్తా పోస్తే ఆగిందో రాసుకుని, "రోగం యంత్రానికి కాదండి, గేటుకి" అని తేల్చారు. గేటంటే నేనే. మీటరుండగా మనిషెందుకని యజమానిగారు అన్నట్టు ఆ సాయంత్రమే నా చెవిన పడింది.

మర్నాడు మీటరుబాబు ఒక బుట్ట నిండా ముక్కలు తెచ్చి, ఎవరివో చెప్పకుండా నా ముందు పెట్టారు. ఒక్కొక్కటే విరిచి చెప్పాను. ఆయన మీటరు గుచ్చి చూసుకున్నారు. ఒక్కటీ తప్పలేదు.

"మరి గేటు దగ్గరెందుకమ్మా తప్పుతున్నావు?"

"ఇక్కడైతే ఎవరివో తెలీదు కదండి."

ఆయన మీటరు ముల్లు తుడుచుకున్నారు. "మీటరుకి వరసలు లేవమ్మా. రేపొక్కరోజు చూస్తాను. ఉన్నదున్నట్టు చెప్తే నువ్వుంటావు, లేకపోతే అదుంటుంది" అన్నారు.

తెల్లారి మొదటి రిక్షా వచ్చింది. బస్తాల మీద దర్జాగా కూర్చుని ఉన్నది మా అత్తగారు. నేనుండేది ఆవిడ ఇంట్లోనే, తినేది ఆవిడ వండిందే.

"చూడవే, మన కొబ్బరేగా" అంది దిగుతూ.

విరిచాను. మూలిగింది. పక్కన మీటరుబాబు, వెనకాల ఆరు రిక్షాలు.

"పచ్చిగా ఉందండి అత్తయ్యా."

"ఎవరితో మాట్లాడుతున్నావో తెలుస్తోందా?"

"ఆయ్. అందుకేనండి, రెండోది కూడా విరిచేను."

ఆవిడ రిక్షావాడితో "తిప్పవయ్యా బండి, మా కోడలు కలెక్టరయ్యింది" అని వెళ్ళిపోయింది. ఉద్యోగం నిలిచింది గాని, ఇంటికెళ్తే నా చాప వీధిలో ఉంటుందనుకున్నాను. చాప ఉన్నచోటే ఉంది, కంచంలో అన్నం ఉంది, మాట మాత్రం లేదు. వాకిలంతా కొబ్బరి పరిచి ఉంది. మూడు రోజులు ఆవిడ కాకులతోనే మాట్లాడింది. నాలుగోనాడు మళ్ళీ అదే రిక్షాలో వచ్చి, తానే ఓ ముక్క తీసి, నా చెవిలో పెట్టినంత దగ్గరగా విరిచింది.

"వినపడిందా?"

"ఆయ్."

అక్కడితో ఆగిందా అంటే లేదు. వెనక రిక్షాల్లో ఉన్నవాళ్ళ దగ్గరికెళ్ళి, "నా సరుకే తిరగ్గొట్టిందండి మా కోడలు, ఇక మీదెంత?" అని గర్వంగా చెప్పుకుంటూ నడిచింది. నెల తిరక్కుండా చుట్టుపక్కల కొబ్బరంతా ఎండడం మొదలుపెట్టింది. యంత్రం ఆగడం మానేసింది. ఇదంతా మీటరు మహిమేనని మీటరుబాబు కాగితం రాసిచ్చి, మీటరుని మిల్లుకే వదిలి వెళ్ళారట. యజమానిగారు దాన్ని అద్దాల బీరువాలో పెట్టించి దసరాకి బొట్టు కూడా పెట్టించారు. బ్యాటరీ మాత్రం మళ్ళీ ఎవరూ వెయ్యలేదు.

అత్తగారు పోయి చాన్నాళ్ళయింది. నా చెవులూ పోయాయి, కోడలు మూడుసార్లు పిలిస్తే గాని పలకను. అయినా కొట్లో ఎండుకొబ్బరి కొనేటప్పుడు ఓ ముక్క చెవి దగ్గర పెట్టి విరుస్తాను. ఏమీ వినపడదు. కొట్టు కుర్రాడు "బాగుందా పిన్నిగారూ?" అంటాడు. "బాగుంది బాబూ" అని తెచ్చేసుకుంటాను. పొడి కొట్టాక బూజు వాసన వేస్తుంది. మా అత్తగారే ఉంటే కొట్టుకే బండి తిప్పించేది.