తప్పిపోయిన వచనం

ఎనభైల చివర్లో మేము గద్వాలలో ఉండేవాళ్లం. మా బిడ్డకు అప్పుడు ఏడేళ్లు. బైబిల్లోని ఏ కీర్తనైనా రెండుసార్లు చదివి వినిపిస్తే మూడోసారి తానే చెప్పేది. బడిలో పంతులమ్మకు ఆమెతో వేరే తంటా. లెక్క నోటితో చెప్పేది గానీ పలక మీద చేసేది కాదు. జవాబు వచ్చినంక మళ్లీ రాసుడెందుకని అడిగేదట. ఇంట్లో అన్నానికి పప్పు తగిలితే కంచం పక్కకు నెట్టేది. ఆదివారం ఆరాధన జరుగుతుంటే మందిరం బయట అందరి చెప్పులనూ పొడవును బట్టి వరుసగా పేర్చేది. పెద్దవాళ్లు బయటికొచ్చి తమ చెప్పులు వెతుక్కుంటూ నన్ను చూసి నవ్వేవాళ్లు.

ఆ జ్ఞాపకశక్తిని మేము దేవుడిచ్చిన వరం, అభిషేకం అనుకున్నాం. అందరికంటే ముందు నేనే అనుకున్నాను. సంఘంలో ఎవరికి జబ్బు చేసినా గృహ ప్రార్థనకు ఆమెను పిలిచేవాళ్లు. మంచం పక్కన చాప మీద కూర్చోబెట్టి, కీర్తనలన్నిట్లో పొడవైనదాన్ని, ఇరవై రెండు భాగాలూ చెప్పించేవాళ్లు. జ్వరం తగ్గితే ఆదివారం మందిరంలో లేచి దేవుడి మేలు చెప్పుకునే సాక్ష్యాల్లో బిడ్డ మాట వచ్చేది. నేను కొంగు తల మీదికి లాక్కుని, తల వంచుకుని వినేదాన్ని. అది వినయం కాదు.

మందిరంలో మా వరుసలో కూర్చునే ఒక పెద్దమ్మ ఉండేది. బిడ్డ పొట్టు ఉంటే తినదని వేయించిన పల్లీలను ఒక్కొక్కటి నలిపి తెచ్చేది. ఆమెను కడుపు నొప్పితో కర్నూలు దవాఖానకు తీసుకుపోయి, వారానికి తిరిగి తెచ్చారు. మేము పోయి ప్రార్థన పెట్టాం. బిడ్డ పదిహేడో భాగంలో ఆగింది. ఒక వచనం వదిలేశానని, మొదటినుంచి చెప్తానని అంది. ఎండ ఎక్కుతోంది, అందరూ అలసిపోయారు. సంఘపెద్ద ఆమె తల మీద చేయి పెట్టి, "చాలు బిడ్డా, ఆమెన్ అను" అన్నాడు.

మూడో రోజు పెద్దమ్మ ప్రభువు దగ్గరికి పోయింది.

తరువాత బిడ్డ చెప్పులు పేర్చడం మానేసింది. బడిలో హాజరుకు కూడా పలకడం లేదని, పెదవులు మాత్రం ఆడిస్తుందని పంతులమ్మ కబురు పంపింది. ఇంట్లో కనిపెట్టి చూశాను. అదే కీర్తన, మొదటినుంచి చివరిదాకా, మళ్లీ మొదటినుంచి. దగ్గర కూర్చోబెట్టుకుని ఎందుకని అడిగితే చెప్పింది.

"నేను ఇడిసిపెట్టిన. గందుకే పెద్దమ్మ సచ్చిపోయింది."

ఆ మాట ఎవరి దగ్గర నేర్చుకుందో నాకు తెలుసు. జ్వరం తగ్గితే నీ నోటివల్లే అన్నవాళ్లం, తగ్గకపోతే ఎవరివల్ల అని ఎప్పుడూ చెప్పలేదు.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. దేవుడు బిడ్డకు ఉత్తగా ఇచ్చినదాన్ని మందుసీసాలాగా ఇల్లిల్లూ తిప్పానని, ప్రాణం తీసేదీ ఇచ్చేదీ ఆయనే అని మరిచానని, ఇకమీదట ఆమెను పంపనని చెప్పాను. ఎవరూ ఆమెన్ అనలేదు. "వరాన్ని అణచొద్దమ్మా" అని మాత్రం అన్నాడు సంఘపెద్ద, మెల్లగానే.

బయటికొస్తే బిడ్డ మెట్టు మీద కూర్చుని ఉంది. చెప్పులు ఎక్కడివక్కడే. లోపల నేనన్నవన్నీ విన్నది.

"అమ్మా, ఇవి తప్పు పెడితే ఎవ్వరికేం గాదా?"

"ఏం గాదు బిడ్డా."

ఆమె లేచి చెప్పులు వరుస పెట్టింది. సంఘపెద్దవి మాత్రం ఒకటి ఈ కొసన, ఒకటి ఆ కొసన. ఆయన ఒక చెప్పు తొడుక్కుని రెండోదాని కోసం గొణుక్కుంటూ వెతికాడు. దొరికింది. తొడుక్కుని నడిచాడు. ఆయన సందు మలుపు తిరిగేదాకా బిడ్డ నా కొంగు పట్టుకుని, రెప్ప వేయకుండా చూసింది.