మామ కాలువ లెక్క

మా మేనమామ కరీంనగర్‌లో పాలిటెక్నిక్ పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫోర్‌ట్రాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక ప్రోగ్రాం రాశాడు. కాలువ చివర నీటిమట్టం ఇస్తే, అక్కడి నుంచి ఎగువకు ఒక్కో చోట మట్టం ఎంత ఉంటుందో అది లెక్కగడుతుంది. సోమవారం కాలేజీలో దాన్ని ఫైనలియర్ పిల్లల ముందు నడిపి చూపిస్తానని ఒప్పుకున్నాడు. తీరా చూస్తే, ప్రోగ్రాంను మిషన్ భాషలోకి మార్చే ఇప్పటి కంపైలర్ దాన్ని ఒప్పుకోలేదు. పాతది వదిలేసి పైథాన్‌లో కొత్తగా రాయించండని ఒక కుర్ర లెక్చరర్ సలహా ఇచ్చాడట. ఆ మాట మామకు గుచ్చుకుంది. శనివారం పొద్దున్నే మంచిర్యాల నుంచి నన్ను పిలిపించాడు.

"కంపైలర్ ఏమడిగితే గది ఇయ్యి అల్లుడా. లెక్క మాత్రం ముట్టకు."

తప్పుల జాబితా పొడుగ్గా వచ్చింది. కారణాల వారీగా విడగొట్టాను. ఎక్కువ వాటికి కారణం ఒక్కటే. పాత ఫోర్‌ట్రాన్‌లో ప్రతి ఆజ్ఞా లైనులో ఏడో గడి నుంచి మొదలవ్వాలి. ఫ్లాపీ నుంచి సీడీకి, సీడీ నుంచి పెన్‌డ్రైవ్‌కి మార్చేటప్పుడు ఎవరో లైన్ల ముందున్న ఖాళీలన్నీ చెరిపేశారు. అవి తిరిగి పెట్టాను. వాడుక పోయిన ఆజ్ఞలకు బదులు కొత్తవి రాశాను. మధ్యాహ్నం అన్నాలకు ముందే కంపైలయింది.

నడిపితే నీళ్లు కాలువ కట్ట దాటి పోతున్నాయి.

మామ కాలిక్యులేటర్ తెచ్చుకుని, పాత క్యాలెండర్ కాగితం వెనక మొదటి మూడు చోట్ల మట్టం చేత్తో లెక్కవేయసాగాడు. ప్రోగ్రాంను చిల్లుల కార్డులుగా హైదరాబాద్ పంపి ఫలితం కోసం ఎదురుచూసిన కాలంలో, మూడు చోట్లయినా చేత్తో చూసుకోనిదే ఎవరూ మిషన్ని నమ్మేవాళ్లు కాదట. అత్తమ్మ చాయ్ తెచ్చి తెరవైపు చూసింది.

"మీ మామ గీ వయసుల నీళ్లను కట్టెక్కిస్తుండు."

మొదటి చోటు సరిపోయింది. రెండోది తప్పింది. నాకు దారి అక్కడే దొరికింది. మొదటిది సరిగ్గా వచ్చిందంటే సూత్రం మంచిదే. రెండో చోటికి వెళ్లేసరికి ప్రోగ్రాం మొదటి చోటి లోతును మరిచిపోతోంది. పాత మిషన్లలో ప్రోగ్రాంలోని ఒక భాగం పని ముగిశాక కూడా దాని విలువలు ఉన్నచోటే ఉండేవి. మామ ఆ భరోసాతోనే రాశాడు. కొత్త కంపైలర్ బాసర సత్రం లాంటిది. మనం బయటికి రాగానే గది ఇంకొకరికి ఇచ్చేస్తుంది. విలువను అలాగే ఉంచమని చెప్పే ఆజ్ఞ ఒకటుంది, 'సేవ్' అని. ఆ ఒక్క లైను చేర్చాను.

మూడు చోట్లూ క్యాలెండర్ కాగితంతో మూడో దశాంశం దాకా కలిశాయి. మామ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం సెలవు పెట్టి ల్యాబ్‌లో వెనక కూర్చున్నాను. మట్టాలన్నీ తెర మీద వరుసగా దిగాయి. ఇదెలా నడిచిందని ఆ కుర్ర లెక్చరరే అడిగాడు.

"రాసింది నేను. నిలబెట్టింది మా అల్లుడు. లెక్క ఒక్కటి గూడ మార్చలే."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. నేను తల దించుకోలేదు.

క్లాసయ్యాక మామ ప్రోగ్రాం మొదట్లో తన పేరున్న లైను కింద నా పేరు స్వయంగా టైపు చేశాడు. దాన్ని ఆజ్ఞ అనుకోవద్దని కంపైలర్‌కు చెప్పే 'సి' అక్షరం మొదటి గడిలో పెట్టడం మరవలేదు. అయినా నేను మళ్లీ కంపైల్ చేసి చూశాను. ఒక్క తప్పూ రాలేదు.