ఒక్క కార్డు మీద నడిచిన డిస్కులు

చూపులేని వాళ్ళ కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే కేంద్రం అది. అక్కడ ఆమెను అందరూ ఇంజనీరమ్మ అనేవారు. మైకు గరగరలాడినా, ఫ్యాను ఆగినా ఆమెకే కబురు. మూడు గదుల్లో ముగ్గురు ఒకేసారి చదువుతుంటే కంప్యూటర్లోని పాత డిస్కులు అందుకోలేక మధ్యమధ్య మాటలు మింగేసేవి. పైగా దాదాపు నిండిపోయాయి. ఎంత పని మీద పడేసినా తడబడవని పేరున్న స్కజీ రకం డిస్కులే కావాలని ఆమె పట్టుబట్టింది.

కంప్యూటరు సామాన్ల దుకాణం ఆమె మరిదిదే. డిస్కులను జతలుగా పెట్టాలనుకుంది. ఒకదాని మీద రాసిందే రెండోదాని మీదా ఉంటుంది కాబట్టి ఒకటి పోతే ఇంకోటి ఆదుకుంటుంది. అయితే వాటిని నడిపించే కంట్రోలరు కార్డులు కూడా రెండుండాలి, జతలో ఒక్కో డిస్కు ఒక్కో కార్డు కింద.

“రెండో కార్డుకి మీ కంప్యూటరు పెట్టెలో చోటెక్కడుంది వదినా? కొత్త పెట్టె తెప్పించాలంటే నెల పట్టుద్ది. అయినా రెండెద్దులకి ఒక్క కాడి చాలదూ?” అన్నాడు మరిది.

“ఆ కాడే విరిగితే?”

“అది ఎక్కడో కోటికొకటి. నీకు ప్రతిదానికీ భయమే!”

నెల ఆగే వీలు ఆమెకు లేదు. అక్కడ చదివేవాళ్ళలో పెద్దవారు మాస్టారు. ఆయన గొంతులో పుండు లేచింది. ఆపరేషను తరువాత మాట రాదని డాక్టర్లు తేల్చేశారు. ఈలోగా ఒక పెద్ద నవల పూర్తి చెయ్యాలని పొద్దునా సాయంత్రమూ వస్తున్నారు. అలాంటి మనిషిని డిస్కుల్లో చోటు లేదని ఏ నోటితో వెనక్కి పంపుతుంది? ఒక్క కార్డుతోనే బిగించేసింది. రోజూ రికార్డింగు పొడవు చూసుకునేది. కూర్చుని వినే తీరిక మాత్రం దొరకలేదు.

మాస్టారు నవల ముగించారు. ఆపరేషనూ అయింది. తరువాత ఒక మధ్యాహ్నం, దగ్గులు తీసేద్దామని ఆమె రికార్డింగు తెరిచింది. సగం దాకా బాగానే నడిచింది. అక్కణ్ణుంచి ఒకటే హోరు. జత డిస్కు తెరిచింది. అక్కడా అదే హోరు. కార్డు చడీచప్పుడు లేకుండా చెడిపోయి, రెండింటి మీదా ఒకే చెత్త రాసిపెట్టింది. డిస్కులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

మరిది పరుగెత్తుకొచ్చాడు. “ఇలా అవుద్దని కలలో కూడా అనుకోలేదు వదినా.” అతని మీద ఆమెకు కోపం రాలేదు. తెలిసీ ఒప్పుకున్నది తనే కదా.

మిగిలిన సగంలో చివరి భాగాన్ని క్యాసెట్టుకెక్కించుకుని మాస్టారి ఇంటికి వెళ్ళింది. గడపలోనే విషయం చెప్పేసింది. ఆయన భార్య తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

“నెత్తురు ఉమ్ముకుంటూ చదివారమ్మా ఆయన. మంచినీళ్ళు మింగలేని మనిషి!”

మాస్టారు మంచం మీంచే చెయ్యి ఊపి, క్యాసెట్టు పెట్టమని సైగ చేశారు. ఆమె టేపు రికార్డరు మీట నొక్కింది. తన గొంతు తనే వింటూ ఆయన కళ్ళు మూసుకున్నారు. ఒక వాక్యం నడుమ గొంతు తెగి, హోరు లేచింది. ఆమె ఆపేసింది. మాస్టారి పెదవులు మాత్రం ఆగలేదు. మిగిలిన వాక్యాన్ని పూర్తి చేస్తున్నాయని ఆమెకు అర్థమైంది. ఒక్క అక్షరం కూడా వినిపించలేదు.

కొత్త పెట్టె వచ్చింది, రెండు కార్డులూ వచ్చాయి. ఇప్పుడామె ఏ పూట రికార్డింగు ఆ పూటే విని, వేరే టేపు మీద ఇంకో నకలు తీసి గానీ ఇంటికి కదలదు. నవల రెండో సగం ఒక కుర్ర నటి చదివింది. బాగానే చదివింది.

క్యాసెట్లు వినేవాళ్ళకు చేరిన కొన్నాళ్ళకు ఒక శ్రోత ఫోను చేశాడు.

“సగంలో గొంతు మారిందేంటండీ? మిగతాది మాస్టారు చదవలేదా?”

“చదివారండీ” అంది. “భద్రంగా దాచలేకపోయింది నేనే.”